పెరటాసి దాటినాక

షర్మిళ ప్రతి ఉదయం రెండు వంటలు చేస్తుంది. ఒకటి తనకూ, భర్త ఆనంద్‌బాబుకూ. రెండోది అత్త అలమేలుకు. అత్తకు షుగరు. బియ్యం తగ్గించండి, ఉప్పు తగ్గించండి అని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆమెకు వేరే గిన్నె, వేరే కొలత. ఆ రోజు సామలన్నం, తోటకూర పప్పు, సొరకాయ కూర చేసి హాట్‌బాక్సులో సర్దింది. మూత బిగించి వంటింటి గట్టు మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"అత్తా, ఇడ్లీ తిని మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాలే."

"మధ్యాన్నానికి బాక్సులో పెట్టినాను. లేటు చేయకుండా తినేసేయి. పోయిన వారం మాదిరి మళ్ళీ కండ్లు తిరిగి పడితే నా ప్రాణం పోతాది."

"నువ్వు పోమ్మా. అంగడి ముందర ఎవరో నిలబడుకోనుండారు," అంది అలమేలు, కోడలి ముఖం చూడకుండా.

తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు నాలుగు వీధుల అవతల వాళ్ళ మళిగ అంగడి, అంటే కిరాణా కొట్టు. ముందు అంగడి, వెనక ఇల్లు. ఉదయం షట్టరు ఎత్తితే మళ్ళీ దించేదాకా భార్యాభర్తలిద్దరికీ తీరిక ఉండదు. ఆనంద్‌బాబు తూకం దగ్గర, షర్మిళ గల్లా దగ్గర. మధ్యాహ్నం ఒకరు నిలబడే నాలుగు ముద్దలు తింటుంటే ఇంకొకరు బేరం చూసుకుంటారు. కూతురు అభిరామి సేలంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మామ నాగరాజన్ పోయి రెండేళ్ళయింది. ఆయన ఉన్నంతకాలం అంగడిలో అలమేలే గల్లా దగ్గర కూర్చునేది. కళ్ళు మసకేసి చిల్లర పొరపాటు రావడం మొదలయ్యాక ఆమె ఇంట్లోకి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు.

పోయిన వారం ఆమె పెరటి మెట్ల మీద చెమటలు పట్టి పడిపోయింది. ఇద్దరూ ఆటోలో పేటలోని చిన్నాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి నర్సు సుగన్యది కంబైనల్లూరు. ఇంట్లో తెలుగే కాబట్టి వీళ్ళతో తెలుగులోనే మాట్లాడుతుంది. వేలు గుచ్చి చూసి, షుగరు బాగా దిగిపోయిందని చక్కెర నీళ్ళు తాగించింది. ఈ మధ్య ఆ ఆసుపత్రిలో షుగరు, బీపీ ఉన్న ప్రతివారినీ రెండు ప్రశ్నలు అడుగుతున్నారు.

"అమ్మా, ఇంట్లో తిండికి కరువు ఏమైనా ఉందా?"

అలమేలు నవ్వింది. "మళిగ అంగడి వాళ్ళను అడిగే మాటేనా ఇది?"

"తినేటప్పుడు పక్కన తోడు ఎవరైనా ఉంటారా?"

"ఇంటి నిండా మనుషులే."

"మరి తినకుండా మాత్ర వేసుకుంటే తప్ప ఇట్ల దిగదే," అంది సుగన్య. ఆ మాటకు ఆనంద్‌బాబు తల తిప్పి భార్య వైపు ఒక చూపు చూశాడు. ఏమీ అనకపోయినా షర్మిళకు ఆ చూపు ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. సాయంత్రం బాక్సు చూస్తే ప్రతిరోజూ ఖాళీగా, కడిగి బోర్లించి ఉంటుంది. తిన్న మనిషికి షుగరు ఎలా దిగుతుంది?

ఆ రోజు పొద్దెక్కాక నల్లంపల్లి నుంచి మునియక్క వచ్చింది. హైవే పక్కన ఆమెకు టీ అంగడి ఉంది. చక్కెర, టీపొడి, బియ్యం వీళ్ళ దగ్గరే కొంటుంది. సంచిలో సరుకు పెట్టించుకుంటూ మామూలుగా అడిగింది.

"ఏమ్మా షర్మిళా, మీ ఇంట్లో మొక్కుబడి ఏమైనా ఉందా?"

"లేదే అక్కా. ఏమిటికి?"

"మీ అత్త నామం పెట్టుకొని, చెంబు పట్టుకొని మా వీధిలో గోవిందా అంటా వచ్చింది. పెరటాసి అయితే సరే. అందరూ వస్తారు. ఇది ఐప్పసి కదా. సామి పేరు చెప్పినాక లేదనకూడదని ఒక పిడికెడు వేసినాను. ముందు వారం కూడా వచ్చింది. ఎంత భక్తి తల్లీ ఆమెకు."

తూకంలో పప్పు పోస్తున్న ఆనంద్‌బాబు చేయి ఆగిపోయింది.

పెరటాసి నెల శనివారాల్లో పెరుమాళ్ళను కొలిచే ఇళ్ళవాళ్ళు, ఎంత ఉన్నవాళ్ళైనా సరే, నామం దిద్దిన చెంబు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి గోవిందా అని పిలుస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ పిడికెడు బియ్యం వేస్తారు. ఆ బియ్యంతో పొంగలి చేసి సామికి చూపించి, వచ్చినవాళ్ళందరితో కలిసి తింటారు. అందులో సిగ్గేమీ లేదు. కానీ పెరటాసి దాటి ఐప్పసి వచ్చాక అదే చెంబు పట్టుకుని తిరిగితే, ఊరు దానికి వేరే పేరు పెడుతుంది.

మునియక్క వెళ్ళిపోయాక షర్మిళ లోపలికి పరుగెత్తింది. అత్త లేదు. గట్టు మీద హాట్‌బాక్సు లేదు. పూజగూట్లో ఇత్తడి చెంబు లేదు. వెనక సందు తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఆడోళ్ళకు టౌను బస్సులో టిక్కెట్టు లేదు కదా. ఎక్కి పోయింటాది," అంది షర్మిళ తిరిగి వచ్చి. ఆనంద్‌బాబు మళ్ళీ తూకం దగ్గరికి వెళ్ళాడు. కొనడానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు అతను పొరపాటున కట్టిన వేరే సరుకు తీసుకుపోయి, మళ్ళీ తిరిగి వచ్చి మార్చుకుని పోయారు.

మధ్యాహ్నం బాగా వాలాక అలమేలు వెనక తలుపు తీసుకుని వచ్చింది. నుదుట నామం చెరిపేసుకుంది కానీ కొంచెం ఎరుపు మిగిలింది. కొడుకూ కోడలూ ఇద్దరూ లోపల నిలబడి ఉండటం చూసి ఆగింది. అంగడి షట్టరు సగం దించి ఉంది.

"ఎక్కడికి పోయినావమ్మా?" ఆనంద్‌బాబు గొంతు తగ్గించే అడిగాడు.

"గుడికి."

"ఏ ఊరి గుడికి?"

ఆమె చెంబును చెంగు చాటుకు జరుపుకుంది.

"మునియక్క వచ్చింది. నీ చెంబులో బియ్యం వేసిందంట. అది మన అంగడిలో కొన్న బియ్యమే. మనం అమ్మింది మళ్ళీ మన చెంబులోకే వచ్చింది. బాగుందమ్మా యాపారం."

"ఆనందా."

"ఇంట్లో మూటల మీద మూటలు పెట్టుకోనుండాము. మనకు అన్నం లేనట్టు నువ్వు ఇంటింటికీ పోయి అడుక్కుంటే రేపు నేను ఈ గల్లా దగ్గర కూర్చుని ఏ మొకం పెట్టుకొని యాపారం చేసేది?"

షర్మిళ కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయింది. "నేను పెట్టేది చాలడం లేదని ఒక్క మాట చెప్పుంటే పోయేది కదత్తా. ఆసుపత్రిలో ఆయన నన్ను చూసిన చూపు నువ్వు చూడలేదు. ఇప్పుడు నల్లంపల్లి దాకా తెలిసిపోయె, షర్మిళ అత్తను పస్తు పెడుతుందని."

అలమేలు చెంబును నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. చాలా దూరం నడిచిన మనిషిలా ఉంది.

"నీ వంటకు ఏమీ తక్కువ లేదు షర్మిళా. ఎవరు అడిగినా చెప్తాను. కానీ మూత తీస్తే లోపల నా ఒక్కదాని అన్నమే కనపడతాది. మీ మామ ఉండేటప్పుడు ఎంత బేరం ఉన్నా మధ్యాన్నం నాతో లోపలికి వచ్చేవాడు. ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయన పోయినాక గొంతు దిగదు. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేస్తాను. సాయంత్రం సందులో కుక్కకు వేసి బాక్సు కడిగేస్తాను. నువ్వు నొచ్చుకుంటావని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆడి నెల నుంచి. మూడు నెలలయింది."

షర్మిళ అత్త తెచ్చిన హాట్‌బాక్సు వైపు చూసింది. సొరకాయ చెక్కు తీస్తూ, ఉప్పు కొలిచి వేస్తూ గడిపిన ఉదయాలన్నీ సందులో కుక్క తినిందా?

"సరే. దానికీ నల్లంపల్లికీ ఏమి సంబంధం?" అన్నాడు ఆనంద్‌బాబు.

అలమేలు మెల్లగా చెప్పింది. ప్రతి పెరటాసిలో భర్తతో కలిసి చెంబు పట్టుకుని వెళ్ళేది. ఈసారి ఒక్కతే బయలుదేరింది. ఊళ్ళో తిరగడానికి మనసొప్పక బస్సెక్కి నల్లంపల్లిలో దిగింది. హైవే వెనక వీధిలో ఒక గది ఇంటి ముందు పిలిచినప్పుడు పుట్టమ్మ అనే మనిషి కుంటుకుంటూ బయటికి వచ్చింది. కట్టడం పనుల్లో చిత్తాళుగా ఇటుకలు మోసిన మనిషి. షుగరు ముదిరి కాలి వేలు తీసేశారు. భర్త లేడు, పిల్లలు లేరు. పని పోయింది.

"ఉండు సామీ అని లోపలికి పోయింది. డబ్బా అడుగు గీకిన చప్పుడు వినపడింది నాకు. నలభై ఏండ్లు అంగడిలో ఉన్నదాన్ని, ఆ చప్పుడు తెలీదా. ఉండేది అంతే. అది తెచ్చి నా చెంబులో వేసి, రెండు నిమిషాలు కూర్చో శెట్టెమ్మా, మాట్లాడేవాళ్ళు లేరు అనింది. కూర్చున్నాను. ఆ మధ్యాన్నం ఆ చెంబు బియ్యమే ఆమె పొయ్యి మీద పొంగలి చేసినాము. పప్పు నా బాక్సులోనిది. ఇద్దరం కడుపునిండా తిన్నాము ఆనందా. నేను అంత అన్నం తిని ఎన్నాళ్ళయిందో."

"కూలి మనిషి ఇంట్లో కూర్చుని తిన్నావా?"

"మీ నాయన ఈ అంగడి కట్టేటప్పుడు ఇటుకలు మోసినోళ్ళు ఆ మనుషులే. గోడకు లేని తప్పు అన్నానికి వచ్చిందా?"

ఆనంద్‌బాబు ముఖం తిప్పుకున్నాడు. అటు తిరిగే అన్నాడు. "పాపమే. కాదనను. మన అంగడి నుంచి ఒక మూట బియ్యం పంపించేస్తే అయిపోయె కదా. నువ్వు తిరిగేది ఏమిటికి?"

"పొట్లం కట్టుకొని పోయినానురా. తీసుకోలేదు. చేతులుండేదాన్ని, దానం పట్టను, నీ బియ్యం నువ్వే తీసుకొని పో అనింది. చెంబు బియ్యం అయితే తింటాది. అది సామి బియ్యం, ఎవరిదీ కాదు కదా. అందులో ముందు తనదీ ఒక పిడికెడు వేస్తాది. అప్పుడే పొయ్యి ముట్టించనిస్తాది."

"పెరటాసి అయిపోయె కదమ్మా."

"పెరటాసి అయిపోయింది. ఆమెకు ఆకలి అయిపోలేదు. నేనేమి చేసేది?"

బయట ఎవరో షట్టరు తట్టి, శెట్టియారే, అరకిలో రవ్వ అని పిలిచారు. ఆనంద్‌బాబు కదలకుండానే అన్నాడు.

"పొద్దున మాత్ర వేసుకొని, ఎండలో ఇండ్లు తిరిగి, ఎప్పుడో మూడింటికి తింటావు. పోయిన వారం పడింది ఇందుకే కదా. మెట్ల మీద పడినావు కాబట్టి సరిపోయింది. హైవే మీద పడుంటే? రేపటి నుంచి వెనక తలుపుకు తాళం వేస్తాను. తిట్టుకుంటే తిట్టుకో."

"వెయ్యి," అంది అలమేలు. "కానీ నేను రానని ఆమెకు ఎవరైనా పోయి చెప్పండి. మధ్యాన్నం నేను వస్తానని ఎదురు చూస్తా కూర్చుంటాది."

మరునాడు ఉదయం ఆ చెప్పే పని షర్మిళే తీసుకుంది. ఆమెకు కోపం తగ్గలేదు. తన చేతి అన్నం కుక్కకు వేసి, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషితో కూర్చుని తినే అత్త మీద కోపం. చూడకుండానే తప్పు పట్టిన భర్త మీద కోపం. "నేనే పోయి చెప్పొస్తాను. అత్తను కూడా తీసుకుపోతాను, ఇల్లు చూపించడానికి. మీరు ఒక్కపూట గల్లా చూసుకోండి," అని, తాళం వేయనివ్వకుండా బయలుదేరింది. ఖాళీ చేతులతో పోవడానికి మనసు రాక అత్తకు సర్దిన హాట్‌బాక్సు మాత్రం చేతపట్టుకుంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్లు చించి ఇచ్చాడు.

"ఈయన మంచోడు. ముందర సీటు ఇప్పిస్తాడు," అంది అలమేలు.

"కండక్టర్లు కూడా పరిచయమా నీకు?"

"నలుగురు తెలుసు. పొద్దున బస్సులో వచ్చేవాడు మాత్రం సిడుసిడు అంటాడు. పెండ్లాం పుట్టింట్లో ఉండాదంట."

షర్మిళకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. అత్తతో ఇంతసేపు పక్కన కూర్చుని మాట్లాడి ఎంత కాలమైందో ఆమెకు గుర్తు రాలేదు. ఇంట్లో ఇద్దరి మధ్యా నడిచే మాటలు తిన్నావా, మాత్ర వేసుకున్నావా, లైటు ఆర్పు. అంతకు మించి లేవు. వాకిట్లో నిలబడి ఆ మాటలు అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే తను అంగడిలోకి వెళ్ళిపోతుంది.

హైవే వెనక వీధిలో, రేకుల కప్పు ఉన్న గది ముందు పుట్టమ్మ గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కడిగిన సత్తు గిన్నె.

"పుట్టమ్మా, ఇదో మా కోడలు," అంది అలమేలు.

పుట్టమ్మ తల ఎత్తింది కానీ చూపు నిలవలేదు. నుదురూ మెడా చెమటతో తడిసిపోయాయి. ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. పోయిన వారం పెరటి మెట్ల మీద చూసిన దృశ్యం షర్మిళకు కళ్ళముందు మెదిలింది.

"అత్తా, చక్కెర ఎక్కడుంటాది ఈమె ఇంట్లో?"

"లేదు. ఉంటే నాకు టీలో వేసుండదా? నువ్వు మునియక్క అంగడికి పో. మలుపు తిరిగితే అదే."

షర్మిళ పరుగెత్తింది. నిన్న తమ అంగడిలో కొలిచి ఇచ్చిన చక్కెరనే మునియక్క దగ్గర దోసిట్లో పోయించుకుని, ఒక గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చింది. ఇద్దరూ కలిసి నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించారు. అలమేలు పుట్టమ్మ తలను తన భుజానికి ఆనించుకుని, వీపు నిమురుతూ, మింగు, ఇంకొంచెం మింగు అంటూ ఉంది. షర్మిళ సుగన్యకు ఫోను చేసింది.

"మాట వస్తా ఉందా? మింగగలుగుతోందా? అయితే భయం లేదు," అంది సుగన్య. "ఇంకో గ్లాసు ఇవ్వండి. కొంచెం తేరుకున్నాక అన్నం పెట్టండి. ఆ తర్వాత ఆటోలో నా దగ్గరికి తీసుకురండి. పుట్టమ్మ చీటీ కూడా మా దగ్గరే ఉంది, ధర్మపురిలో పనిచేసేటప్పటి నుంచి."

కొంతసేపటికి పుట్టమ్మ కళ్ళు తేటపడ్డాయి. పొద్దున వట్టి టీతో మాత్ర వేసుకుందట. ఎట్లాగూ మధ్యాహ్నం శెట్టెమ్మ వస్తుంది కదా అని.

షర్మిళ ఖాళీ గ్లాసు కింద పెట్టి గడప వైపు చూసింది. ఈ రోజు తలుపుకు తాళం పడి ఉంటే? తను రాకుండా ఫోనులో మునియక్కతో చెప్పించి ఊరుకుని ఉంటే? ఈమె ఈ గడప మీదే, కడిగిన గిన్నె పక్కనే, వీధి మలుపు చూస్తూ ఉండేది.

ఆమె హాట్‌బాక్సు మూత తీసింది. సామలన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి పుట్టమ్మ నోటికి అందించింది. పుట్టమ్మ మింగి, రెండో ముద్ద కూడా మింగి, ఆమె ముఖం చూసింది.

"నీవేనా రోజూ వండి పంపించేది?"

"అవునమ్మా."

"బాగా వండతావు. ఉప్పు మాత్రం నీ చేతికి తగలదు."

షర్మిళ నవ్వింది. నవ్వుతుండగానే ఏడుపు వచ్చింది. కుడిచేతికి అన్నం ఉండటంతో ఎడమ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరు వద్దన్నాడమ్మా ఉప్పు," అంది.

"ఆయనకేమి, ఆయన తినేదా ఇది?" అంది పుట్టమ్మ.

ఆసుపత్రిలో సుగన్య ఇద్దరి వేళ్ళూ గుచ్చి చూసింది. తర్వాత ఇద్దరి చీటీలూ పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకుంది.

"తిండికి కరువు ఉందా అని నేను అడిగితే పుట్టమ్మ ఏమి చెప్పింది? కడుపునిండా తింటున్నాను అనింది. తోడు ఉందా అంటే అలమేలమ్మ ఏమి చెప్పింది? ఇంటి నిండా మనుషులే అనింది. ఇద్దరూ నాకు చక్కగా అబద్ధం చెప్పినారు."

"వరసలో ఇంతమంది ముందర అడిగితే ఎవరు చెప్తారు తల్లీ," అంది పుట్టమ్మ. "నా వెనక మా మేస్త్రి నిలబడుకోనున్నాడు."

సుగన్య తల ఊపింది. "అదీ నిజమే. ఇకమీద లోపలికి పిలిచి అడుగుతాను." డాక్టరు వచ్చి ఇద్దరి మాత్రలూ మార్చి రాశాడు. పుట్టమ్మ పేరున్న రేషన్ కార్డు ఆమె మరిది కొడుకు హోసూరుకు తీసుకుపోయాడని అప్పుడు బయటపడింది. కొత్త కార్డుకూ, పింఛనుకూ ఎక్కడ అడగాలో సుగన్య చెప్పింది. తోడు వస్తానని కూడా అంది.

"కంచంలో అన్నం పెట్టుకున్నాకే మాత్ర తీయాలి. అన్నం లేకపోతే మాత్ర ముట్టొద్దు, నాకు ఫోను చేయండి. మాత్రలంటే నేను ఇస్తాను. పక్కన కూర్చుని తినే మనిషిని మాత్రం సర్కారు నాకు సప్లై చేయలేదు. అది మీరే చూసుకోవాలి."

అలమేలు కోడలి వైపు చూసింది. అడగలేదు. ఆమెకు అడగడం ఎప్పుడూ రాదు.

"మా ఇంటికి వచ్చేయమ్మా రోజూ మధ్యాన్నం," అంది షర్మిళ.

పుట్టమ్మ వెంటనే తల అడ్డంగా ఊపింది. "ఈ పొద్దు పెట్టినావు, ప్రాణం నిలిపినావు, చాలు. ఊరికే వచ్చి కూర్చుని తినేదానికి నా కాళ్ళు రావు. శెట్టెమ్మను అడుగు, ఆమెకు తెలుసు నా సంగతి."

షర్మిళ కొంచెం ఆలోచించింది. "ఊరికే ఎవరు పెడతారు? అంగడి వెనక చింతపండు మూటలు పడుండాయి. గింజ తీసి ముద్ద కట్టాల. కూర్చుని చేసే పనే, కాలు నొప్పి పెట్టదు. కిలోకు ఇంతని ఇస్తాము. మా ఇంట్లో చింతపండు పనికి వచ్చినోళ్ళకు మధ్యాన్నం సాపాటు ఇంట్లోనే. మా మామ కాలం నుంచి అదే పద్ధతి."

నాగరాజన్ కాలంలో అలాంటి పద్ధతి ఏదీ లేదు. చింతపండు గింజ తీసేవాళ్ళు మూట ఇంటికి తీసుకుపోయేవాళ్ళు, ముద్దలు తెచ్చి అప్పజెప్పేవాళ్ళు, అంతే. అలమేలుకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"అట్లయితే సరే," అంది పుట్టమ్మ. "పనంటే వస్తాను. బస్సు ఊరికేనే కదా."

ఇంటికి వచ్చాక షర్మిళ జరిగిందంతా చెప్పింది. ఆనంద్‌బాబు వింటూ వింటూ తాళాన్ని గల్లా పెట్టెలోకి జార్చాడు.

"మా నాయన కాలంలో సాపాటు ఎప్పుడు పెట్టినారు?"

"మీరు చిన్నపిల్లోడు అప్పుడు. మీకు తెలీదు."

అతను నవ్వలేదు. తల్లి లోపలికి వెళ్ళేదాకా ఆగి, బియ్యం మూట మీద దుమ్ము దులుపుతూ అన్నాడు. "ఆ పొద్దు ఆసుపత్రిలో నిన్ను ఒక చూపు చూసినాను షర్మిళా."

"తెలుసు."

"తప్పు. రోజూ ఇంట్లోనే ఉండాము. అమ్మ తినిందా లేదా అని బాక్సును చూసినామే కానీ అమ్మను చూడలేదు. నువ్వన్నా వండినావు. నేను అదీ చేయలేదు."

షర్మిళకు ఆ ఆసుపత్రి రోజు నుంచీ గుచ్చుకున్న ముల్లు ఎవరో మెల్లగా తీసినట్టనిపించింది. కొంచెం మండింది, తర్వాత హాయిగా ఉంది.

సోమవారం పుట్టమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పనికి వచ్చే మనిషిలా వచ్చింది. వెనక వసారాలో అలమేలు ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఒకరి ముద్దకు ఒకరు వంక పెడుతూ, మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. ఒకసారి అలమేలు పగలబడి నవ్విన శబ్దం అంగడి దాకా వినిపించింది. తూకం దగ్గర ఆనంద్‌బాబు తల ఎత్తి చూశాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

షర్మిళ ఆ రోజు ఒకే వంట చేసింది. సామలన్నం, కందిపప్పు, బీన్సు కూర. అందరికీ అదే. వసారాలో ఆకులు పరిచి వడ్డిస్తుంటే ఆనంద్‌బాబు లోపలికి వచ్చాడు. పుట్టమ్మ లేవబోయింది.

"కూర్చోమ్మా. నాకు కొంచెం చోటు ఇస్తే చాలు," అని ఆమె పక్కనే కింద కూర్చున్నాడు.

"అంగడిలో ఎవరుండారు?" అంది అలమేలు కంగారుగా.

"ఎవరూ లేరు."

అంతలో బయటి నుంచి గట్టిగా పిలుపు వచ్చింది. "శెట్టియారే, ఎవరూ లేరా?"

షర్మిళ లేవబోతే ఆనంద్‌బాబు ఆమె చేయి పట్టి ఆపాడు. "ఉండాము. అన్నం తింటా ఉండాము. కొంచెంసేపు కూర్చోండి," అని లోపలి నుంచే జవాబిచ్చి, ముద్ద కలుపుకున్నాడు.

అలమేలు తన ఆకులోకి చూస్తూ తింటోంది. సగం తిన్నాక ఆగి, ఎడమచేతి వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమక్కా, మిరపకాయ కొరికినావా?" అంది పుట్టమ్మ. ఆమె శెట్టెమ్మా అనడం మానేసి అక్కా అని పిలవడం అదే మొదలు.

ఆ పూట షర్మిళ వంటలో మిరపకాయ ఒక్కటి కూడా వేయలేదు. అయినా అలమేలు అవునంది. పుట్టమ్మ నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. అలమేలు ఒక గుక్క తాగి, కోడలి వైపు ఆకు కొంచెం ముందుకు జరిపి, ఇంకో గరిటె పప్పు వెయ్యమంది.